రెండో బంగారు పన్ను

మీసం మళ్ళీ చెంప మీదికి పోయింది.

పళ్ళ మేస్త్రి కుంచె కింద పెట్టి, తడిగుడ్డ కొసతో సైనికుడి ముఖం తుడిచేశాడు. వేసిన రంగంతా పోయి అడుగున ఉన్న ప్రైమరు బూడిదరంగు తేలింది. సైనికుడంటే బొటనవేలి పై కణుపంత సీసపు బొమ్మ. పట్టుకోవడానికి వీలుగా మందు సీసా మూత మీద మైనంతో నిలబెట్టి ఉంది. రెండు వందల ఏళ్ళ కిందటి నెపోలియన్ సొంత కాపలా పటాలంలోని వాడు. నీలం కోటు అయింది, ఛాతీ మీద తెల్ల పట్టీలు అయ్యాయి, ఎలుగుబంటి బొచ్చు టోపీ అయింది, ఆఖరికి మేజోళ్ళ పక్కనుండే గుండీల వరస కూడా అయింది. ముఖమొక్కటే కాలేదు. వాడి వెనక, కిటికీ గట్టు మీద, తోటివాళ్ళంతా ముఖాల్లేకుండా బారులు తీరి తమ వంతు కోసం చూస్తున్నారు.

మామూలుగా మేస్త్రి ముఖంతోనే మొదలుపెట్టేవాడు. ముఖం పడితే బొమ్మకు ప్రాణం వస్తుందని, ప్రాణం వచ్చినవాడికి కోటు తొడగడం తేలికని ఆయన సిద్ధాంతం. ఈసారి కోట్లు, టోపీలు, తుపాకులు, వీపు సంచులు అన్నీ అయ్యేదాకా ముఖాలను వాయిదా వేస్తూ వచ్చాడు. గురువారం సాయంత్రానికి ఇక వాయిదా వేయడానికి ఏమీ మిగల్లేదు.

ఆయన పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో. ముందు పళ్ళకు ఏ రంగు, దవడ పళ్ళకు ఏ రంగు, సిగరెట్లు తాగేవాళ్ళ పళ్ళకు అందులో ఎంత గోధుమరంగు కలపాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చెయ్యి తిరిగిన మనిషి. ఇప్పుడా చెయ్యే ఒకచోట నిలవడం లేదు. గ్లాసు పట్టుకుంటే టీ అంచుదాకా వస్తోంది. కుంచె పట్టుకుంటే మొన చిన్నగా తల ఊపుతోంది, అడిగినదానికి కాదంటున్నట్టు. వయసుతో వచ్చే వణుకని, ప్రమాదం లేదని డాక్టరు ధైర్యం చెప్పాడు. పోతుందా అంటే మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

భార్య వచ్చి కిటికీ గట్టు మీద కాస్త చోటు చేసుకుని, వాడేసిన టీ పొడిని కాగితం మీద పలచగా ఆరబోసింది. ఆ పొడి కూడా యుద్ధానికే. సైనికుల కాళ్ళ కింద జిగురు రాసి, ఇసక చల్లి, దాని మీద ఎండిన టీ పొడి చల్లితే అచ్చం దున్నిన నేలలా ఉంటుంది. ఆరబోయడం అయ్యాక ఆవిడ భర్త చొక్కా వంక చూసి, చేతి గుండీ ఎందుకు పెట్టుకోలేదని అడిగింది. పనికి అడ్డమన్నాడు. ఆవిడ తనే పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆదివారం నాటికి అవుతారా వీళ్ళు?" అందావిడ, బారులు తీరిన వాళ్ళను చూస్తూ.

"ఎందుకు అవరు?"

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఏడాదికొకసారి ఆడే పెద్ద యుద్ధం. ప్లీడరు గారి ఆఫీసు పైనున్న గదిలో పాత తలుపులు రెండు కలిపి వేసిన బల్ల మీద, స్కేలుతో కొలిచి సైన్యాలను నడుపుతారు, పాచికలేసి గెలుపోటములు తేల్చుకుంటారు. ఇటువైపు నీలం కోట్ల మేస్త్రి, అటువైపు ఎర్రకోట్ల కండక్టరు, మధ్యలో నిబంధనల పుస్తకంతో ప్లీడరు గారు, చుట్టూ ఓ పదిమంది తోటి ఆటగాళ్ళు. కాపలా పటాలం వస్తోందని మేస్త్రి కిందటేడే అందరిలో గొప్పగా చెప్పి ఉన్నాడు. ఇక ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది: రంగు పడనివాడు బల్ల ఎక్కకూడదు. పెట్టింది మేస్త్రే. ముఖాల్లేని పటాలాన్ని ఆయన బల్ల ఎక్కించలేడు, ఎక్కించకపోతే ఎందుకని అడుగుతారు. చేతి సంగతి చెబితే ఆ బల్ల దగ్గర తనకింకేం పని? ఆటలో ఆయన అంత గట్టివాడేం కాదు. నిజానికి ఎప్పుడూ ఓడిపోతుంటాడు. అక్కడ ఆయన గౌరవమంతా కుంచె మీదే ఉంది.

మర్నాడు ల్యాబులో ఇంకోటి జరిగింది. పింగాణీ పన్నుకు ఆఖరి రంగు దిద్ది కొలిమిలో పెట్టే బల్ల ఎప్పటినుంచో ఆయనది. ఆ ఉదయం అక్కడ ఒక అమ్మాయి కూర్చుని ఉంది. యజమాని పక్కకు పిలిచి, అచ్చుల్లో ప్లాస్టరు పోయడానికి నమ్మకమైన మనిషి కావాలని, ఇంకెవరికీ అప్పగించలేకపోతున్నానని ఎంతో మర్యాదగా చెప్పాడు. మేస్త్రి అలాగేనన్నాడు. ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నెను చేత్తో తడుతూ, బుడగలు పైకి తేలి పగలడం చూస్తూ నిలబడ్డాడు. గిన్నె తట్టడానికి వణికే చెయ్యి అయినా ఒకటే. ఆ అమ్మాయి ఒకటి రెండుసార్లు లేచి వచ్చి రంగు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందని చెప్పాడు, నిజంగానే సరిపోయింది.

శనివారం మధ్యాహ్నానికి ఒక అబద్ధం సిద్ధమైంది. గాలిలో తేమకు వార్నిష్ పాలలా తెల్లబడిపోయిందని, పటాలమంతా మసకబారిందని, మళ్ళీ మొదటినుంచి వేయాలని చెబుతాడు. తేమకు వార్నిష్ తెల్లబడటం రంగులు వేసే ప్రతివాడికీ జరిగేదే, అనుమానించడానికి లేదు. పెట్టె తెరిచి చూపించమంటే మాత్రం కుదరదు. అందుకని ముఖం లేని పటాలాన్ని పాత బూట్ల పెట్టెలో దూదిలో సర్ది, మూతకు తాడు కట్టి, చేతిలో పెట్టె కనబడితే మాట నమ్ముతారని దాంతోనే ప్లీడరు గారి ఆఫీసుకు బయల్దేరాడు. తాడు ముడి వేయడానికే చాలాసేపు పట్టింది.

ప్లీడరు గారు కిందనే క్లయింటుతో ఉన్నారు. పైకెళ్ళి కూర్చోమని చేత్తో సైగ చేశారు.

గదిలో అప్పటికే రేపటి యుద్ధం పరిచి ఉంది. ఆకుపచ్చ దుప్పటి కింద పుస్తకాలు దూర్చి కొండలు చేశారు. గోధుమరంగు రిబ్బను బాటైంది. నీలం సైన్యం ఇటు, ఎర్ర సైన్యం అటు, నడుమ కాపలా పటాలం కోసం ఖాళీగా వదిలిన జాగా. ఆ జాగా చూడలేక మేస్త్రి కుర్చీ వెతుక్కున్నాడు. ఇటువైపు కుర్చీ మీద గొడుగులూ సంచులూ ఉన్నాయి. అటువైపు, కండక్టరు కూర్చునే కుర్చీ ఫ్యాను కింద ఖాళీగా ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళి అందులో కూర్చున్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. అక్కణ్ణుంచి చూస్తే బల్ల మరో బల్లలా ఉంది. తన సైన్యమంతా తన మీదికే వస్తోంది. రంగులు వేసి పంపేశాక ఆయనకు ఎప్పుడూ కనిపించేది వాళ్ళ వీపులే, సంచులూ జడలూ గుర్రాల తోకలూ. ఇప్పుడు అందరూ ముఖాలతో ఉన్నారు. ముందు వరసలో కిందటి వానాకాలం చేసిన గుర్రపు దళం. వణుకు మొదలైన రోజుల్లో చేసిన దళం అది. బాకా ఊదేవాడి మీసం జారింది, ఇద్దరి ముగ్గురి కాలర్ల గీతలు వంకరపోయాయి. ఎవరు చూస్తారులే అని కళ్ళు మూసుకుని ఇచ్చేశాడు.

బాకావాడి మీసం తిన్నగా ఉంది.

మేస్త్రి జేబులోంచి ల్యాబు భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. కాలర్లు తిన్నగా ఉన్నాయి. బుగ్గల మీద పడాల్సిన చోట ఎరుపు పడింది. ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ పోయి, దళం చివరికొచ్చి ఆగిపోయాడు. ఆయనకో సరదా ఉంది. ఏ పటాలం చేసినా అందులో నవ్వుతున్నవాణ్ణి ఒకణ్ణి ఎంచి, వాడికో బంగారు పన్ను పెడతాడు. సూదిమొనంత చుక్క. పళ్ళ మేస్త్రి సంతకమది. పటాలానికి ఒక్కడే. ఈ దళంలో చివరినుంచి మూడోవాడికి పెట్టిన సంగతి ఆయనకు బాగా గుర్తు. వాడికి ఉంది. వాడి పక్కవాడికీ ఉంది.

ముందు చెవులు వేడెక్కాయి. ఎవడో తన పనిని తనకు తెలియకుండా దిద్దాడు. చేతకానివాడి పని దిద్దినట్టు దిద్దాడు. ఎవడన్నది ఆలోచించాల్సిన పని లేదు. రంగు పూర్తయిన బొమ్మలన్నీ నేల వేయడానికి, అంటే ఆ ఇసకా టీ పొడీ అంటించడానికి, కండక్టరు ఇంటికే వెళ్తాయి. మేస్త్రి ఆ ఇద్దరు రౌతులనూ తీసి చొక్కా జేబులో వేసుకుని, చంకన బూట్ల పెట్టెతో మెట్లు దిగాడు. ప్లీడరు గారు ఏదో అడిగారు గానీ వినిపించుకోలేదు.

కండక్టరు ఇల్లు రెండు వీధుల అవతల. కండక్టరు భార్య తలుపు తీసి, "రండి అన్నయ్య గారూ, లోపలే ఉన్నారు" అంది. కండక్టరు వెనక వరండాలో టీ జల్లెడతో ఇసక జల్లిస్తున్నాడు. మేస్త్రి పలకరింపు లేకుండా ఇద్దరు రౌతులనూ ఆయన ముందు బల్ల మీద పెట్టాడు.

"వీళ్ళల్లో నావాడెవడు?"

కండక్టరు చేతుల ఇసక దులుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఇద్దరినీ తిప్పి తిప్పి చూశాడు. అబద్ధమాడటానికి తంటాలు పడుతున్న ముఖం కాసేపు పెట్టి, మానుకున్నాడు.

"ఎడమవైపు వాడు. రెండోవాడికి నేను పెట్టాను. వాడి మూతి దిద్దుతుంటే నీ బంగారు పన్ను నా రంగు కింద పడిపోయిందనుకున్నా. కంగారుపడి మళ్ళీ పెట్టేశా. నువ్వు పెట్టింది పక్కవాడికని వార్నిష్ వేశాక చూశాను."

"ఎన్నాళ్ళనుంచి జరుగుతోందిది?"

"ఈ దళం నుంచే. దీని తర్వాత ఫిరంగుల వాళ్ళు. అంతే."

"నా చెయ్యి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా?" అన్నాడు కండక్టరు. "నీ వాళ్ళ ముఖాలు చూసేది నేనొక్కణ్ణే కదా మేస్త్రీ. నీకెప్పుడూ వీపులేనాయె."

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, వీధి మలుపు దాకా ఉన్న కోపం ఇప్పుడు పిలిచినా రావడం లేదు. తనకు చెప్పి ఉండాల్సిందన్నాడు.

"చెబితే మానేస్తావు. నువ్వు మానేస్తే నేనెవరితో యుద్ధం చెయ్యాలి?"

మేస్త్రి చూపు గోడ వైపు తిప్పాడు. అక్కడ అలమరలో, పై అరలో, ధూళి పడకుండా గాజు తలుపు వెనక ఒక ఎర్రకోట్ల పటాలం ఉంది. వంకర పట్టీలు, దళసరి మీసాలు, పసుపు తేలిన ముఖాలు. మేస్త్రి గుర్తుపట్టాడు. కండక్టరు మొట్టమొదట సొంతంగా రంగులేసి ఆటగదికి తెచ్చుకున్న పటాలమది. అందరి మధ్యా ఒకణ్ణి పైకెత్తి చూపించి, వీళ్ళకు కావలసింది యుద్ధం కాదు, పచ్చకామెర్ల మందని మేస్త్రి అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది కండక్టరే. రంగు పడనివాడు బల్ల ఎక్కకూడదన్న కట్టుబాటు ఆ వారమే వచ్చింది. అప్పట్నుంచే కండక్టరు తనవాళ్ళ రంగులు కూడా మేస్త్రికి అప్పగించి ఇసకలోకి, టీ పొడిలోకి దిగిపోయాడు. అది ఆయన ఎంచుకున్న పనేమోనని మేస్త్రి ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అసలు అనుకోను కూడా లేదు, ఆ ఆలోచనే రాలేదు.

సిగ్గు వేసింది మేస్త్రికి. నవ్వించి తన చేతిలోంచి కుంచె లాగేసుకున్న మనిషి సైన్యాన్ని, అదీ తన మీదికి వచ్చే సైన్యాన్ని, కండక్టరు ఎవరికీ చెప్పకుండా కూర్చుని దిద్దాడు. ఆ సిగ్గు వెనకే, ఆపుకుందామన్నా ఆగకుండా, కృతజ్ఞత పొంగుకొచ్చింది. బూట్ల పెట్టెను ముందుకు తోశాడు.

"తాడు విప్పు. నా వల్ల కాదు."

కండక్టరు తాడు విప్పి, దూది తొలగించి, ముఖాల్లేని పటాలాన్ని చూశాడు. కోట్ల పనితనాన్ని మెచ్చుకున్నాడు, ముఖాల ఊసెత్తలేదు.

"ముఖాలు నావల్ల కాలేదు," అన్నాడు మేస్త్రి. ఈ మాట పైకి అనడం అదే మొదలు. అనేశాక అనుకున్నంత కష్టంగా లేదు. "నువ్వు వెయ్యి. రంగు నేను చెబుతాను."

ఆ సాయంత్రం వెలుగున్నంతసేపూ ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. మేస్త్రి గాజుపలక మీద రంగులు కలిపాడు. కలపడానికి వణుకు అడ్డం కాలేదు. ముందు ముదురు గోధుమరంగు ముఖమంతా, దాని మీద, గుంటలు వదిలేసి, ఒంటిరంగు, ఆ పైన ముక్కు మీదా బుగ్గల మీదా ఇంకొంచెం తెలుపు. "కళ్ళు వెయ్యకు, గుడ్లు మిటకరించినట్టుంటారు. కనుబొమ్మల కింద నీడ చాలు" అని చెబుతుంటే కండక్టరు తలాడించాడు. "దవడపన్ను రంగు" అని మేస్త్రి అంటే, అది ఎంత పసుపో మాత్రం తేల్చుకోలేక ఒకసారి తన నోరు తెరిచి భార్యను చూడమన్నాడు. ఆమె చూసి, అది వక్కపొడి రంగని చెప్పింది. మేస్త్రి చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వాడు. కండక్టరు కుంచె పట్టిన తీరు వింతగా ఉంది. మోచెయ్యి బల్లకు ఆనించడు. ఒళ్ళంతా సన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది, మొన మాత్రం నిలకడగా దిగుతుంది. బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన అలవాటని తనే చెప్పాడు.

లేవబోతూ మేస్త్రి అలమర వంక చూపించి, ఆ ఎర్ర పటాలాన్ని రేపు తెమ్మన్నాడు.

"కామెర్లవాళ్ళనా?" అన్నాడు కండక్టరు.

"వాళ్ళనే. రంగు పడింది కదా, బల్ల ఎక్కాల్సిందే."

ఇంటికెళ్ళి భార్యకు జరిగింది చెప్పబోతే, ఆవిడ ఆరిన టీ పొడి డబ్బాకెత్తుతూ సగంలోనే అందుకుంది. ఆవిడకు ముందే తెలుసు, కండక్టరు భార్య వానాకాలంలోనే చెప్పింది. ఆదివారం పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడ దగ్గరకొచ్చి చేతి గుండీ పెట్టింది. ఈసారి మేస్త్రి చెయ్యి లాక్కోలేదు, రెండో చెయ్యి కూడా ముందుకు చాపాడు.

ఆటగదిలో అందరూ చేరారు. కండక్టరు బూట్ల పెట్టె తెరిచి కాపలా పటాలాన్ని ఒక్కొక్కణ్ణే ఖాళీ జాగాలో నిలబెడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు వంగి చూసి, ఆహా ఏం ముఖాలు మేస్త్రీ అన్నారు. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"కోట్లు నావి. ముఖాలు కండక్టరువి. కిందటి గుర్రపు దళంలో మీరు మెచ్చుకున్న మీసాలూ ఆయనవే. నా చెయ్యి వణుకుతోంది, ఇక పోయేది కాదట. ఇంతకాలం నేను చెప్పలేదు, ఆయన బయటపడనివ్వలేదు."

ప్లీడరు గారు గొంతు సవరించుకుని ఏదో ఓదార్పుగా అనబోయారు. కండక్టరు ఆయన్ని ఆగమని, పటాలం చివరివాణ్ణి మేస్త్రి ముందు పెట్టాడు. వాడు నోరు తెరిచి నవ్వుతున్నాడు. ముఖమంతా అయింది, నోటిలో మాత్రం బూడిదరంగు చుక్క మిగిలి ఉంది. పక్కనే చిన్న బంగారు రంగు సీసా, అన్నిటికంటే సన్నటి కుంచె పెట్టాడు.

"ఇది నేను ముట్టుకోను. ఒకసారి ముట్టుకుని దొరికిపోయాను."

"అందరి ముందా?"

"రంగు పడనివాడు బల్ల ఎక్కకూడదని నువ్వే కదా పెట్టావు."

మేస్త్రి కుంచె తీసుకున్నాడు. మొన తల ఊపడం మొదలుపెట్టింది. బిగబట్టి ఆపబోతే ఇంకా ఊపింది. కండక్టరు వెనక నిలబడి, మెల్లగా, ఆయనొక్కడికే వినపడేట్టు చెప్పాడు.

"ఆపకు. బస్సు ఊగుతుంటే మనం ఆపగలమా? దాంతోపాటు ఊగు. అటు వెళ్ళి ఇటు తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడు. అక్కడ కొట్టు."

మేస్త్రి ఊపిరి వదిలేశాడు. చేతిని దాని మానాన పోనిచ్చాడు. అటు పోయింది, ఇటు వచ్చింది, అటు పోయి ఒక్క రవ్వ ఆగింది. మొన తాకించాడు.

అందరూ భూతద్దం కోసం ఎగబడ్డారు. చుక్క పడింది. నోట్లోనే పడింది గానీ, కాస్త పక్కకి, పెదవి మీదికి ఎక్కింది.

"పన్ను బయటికొచ్చింది మేస్త్రీ," అన్నాడు కండక్టరు.

"వచ్చే వారం తీసుకురా, క్లిప్పు పెడతాను," అన్నాడు మేస్త్రి. గదిలో మొదట నవ్వింది ఆయనే.

ఆట మొదలైంది. కొత్తగా బల్ల ఎక్కిన పటాలం తొలి యుద్ధంలో పారిపోతుందని ఆ గదిలో అందరికీ గట్టి నమ్మకం. ప్లీడరు గారు మాత్రం దానికి సాక్ష్యం లేదంటారు, తన వంతు వచ్చినప్పుడు కొత్తవాళ్ళను వెనక వరసలో దాస్తారు. మేస్త్రి కాపలా పటాలాన్ని బాట వెంట తిన్నగా కొండ మీదికి నడిపించాడు. కండక్టరు కొండ మీద నిలబెట్టింది కామెర్లవాళ్ళను. కొత్తకు కొత్త. రెండు పటాలాలూ ఎదురెదురుగా వచ్చేసరికి మిగతావాళ్ళు తమ పక్క యుద్ధాలు ఆపేసి చుట్టూ మూగారు. ముందు మేస్త్రి పాచికలు వేశాడు. ఒకటి, ఒకటి. కండక్టరు వేశాడు. ఒకటి, రెండు. ప్లీడరు గారు పుస్తకం తిరగేసి, మళ్ళీ తిరగేసి, ఇంత తక్కువ పడితే రెండూ పారిపోతాయని తీర్పిచ్చారు. కొండ ఖాళీ అయిపోయింది.

పారిపోయే పటాలాన్ని వెనక్కి తిప్పి పెట్టాలి. కండక్టరు తన ఎర్రవాళ్ళను తన వైపు తిప్పుకుంటున్నాడు. వంకర పట్టీలు, పసుపు ముఖాలు, ఇన్నేళ్ళకు ఒక యుద్ధం చూసి వస్తున్నారు. తిప్పుతూ ఒక్కొక్కణ్ణి బొటనవేలితో తుడుస్తున్నాడు, దుమ్మేమీ లేకపోయినా.

మేస్త్రి తనవాళ్ళను ఒక్కొక్కణ్ణే తిప్పాడు. వణికే చేత్తో తిప్పుతుంటే ఇద్దరు పడ్డారు, లేపి నిలబెట్టాడు. ఎప్పుడూ వీపులే చూసిన తన సైన్యం ఇప్పుడు ముఖాలతో ఇంటికొస్తోంది. ముక్కుల మీద వెలుగు, కనుబొమ్మల కింద నీడ, తిన్నని మీసాలు, ఒక్కటి కూడా తన చేతిది కాదు. అందరికంటే చివర, పెదవి మీద బంగారం పూసుకుని వస్తున్నవాణ్ణి చూసేసరికి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు.

"మళ్ళీ వేద్దామా?" అన్నాడు బల్ల అవతలి నుంచి కండక్టరు.

"ఉండు, వీళ్ళను కాసేపు చూడనీ," అన్నాడు మేస్త్రి.